మిద్దె మింద మొలిచిన రాగులు

“అవ్వా, మీ మిద్దె మింద రాగులు మొలిచినాయంట గదా. ఆ కత చెప్పు.”

ఎవురు చెప్పినారే నీకు? మీ అమ్మనా? ఆమెకేం తెలుసు, ఆమె అప్పటికి పుట్టనే ల్యా. ఎవురో చెప్పింది ఇని, దానికి ఇంగ రెండు మాటలు కలిపి నీకు చెప్పింటాది. ఆ ఫోను అట్ల గూట్లో పెట్టు, మొగం మింద పెట్టొద్దు, నాకు మాట రాదు. ఆ, అట్ల. ఇప్పుడు ఇంటాందా అది? సరే.

నువ్వు చిలమత్తూరు కాడ ఆ పాడుబడిన తోటిల్లు కొనుక్కుంటివని తెలిసినప్పుడే అనుకున్యా, ఈ పిల్ల ఒకనాడు నా కాడికి వస్తాదని. కోళ్ళు గూడా తెచ్చినావంట ఆరు. వాటిని పట్టుకునేదానికి చేతులకు గ్లౌజులు ఏసుకుంటాండావని మీ ఆయన చెప్పి నవ్వుతాండాడు. కోడేమన్నా కరెంటు తీగనా మే? రెండు చేతులూ రెక్కల మింద ఏసి మెల్లగా ఎత్తు, గమ్మున ఉంటాది. నువ్వు భయపడితే అది నీకంటే ఎక్కువ భయపడతాది. మీ అమ్మ ఆ ఇంటికి రానని అలిగిందంట గదా, “బెంగుళూర్లో ఉద్యోగం పెట్టుకోని కోళ్ళు మేపేదేంది” అని? అలగనీలే. ఆ మాటకు తర్వాత వస్తా.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో నేను ఈడికి కాపరానికి వస్తి. మా పుట్టిల్లు బత్తలపల్లి పక్కన, నీకు తెల్సు గదా. అత్తగారిల్లు ఈడ, పెనుకొండకూ హిందూపురానికీ నడాన. మా అమ్మ నన్ను పంపేటప్పుడు ఒక నల్లపెట్ట, ఒక పుంజు గంపలో పెట్టి పైన గుడ్డ కట్టి ఇచ్చె. ధర్మవరంలో బస్సు మారల్ల. ఆ కండక్టరు గంప మింద గుడ్డ ఎత్తి చూసి, వీటికీ టికెట్టు తీయల్ల అనె. ఎగతాళికే అనిండాడు ఆయన. మీ తాత కొత్త పెండ్లికొడుకు, బస్సునిండా జనం. జేబులో చెయ్యి పెట్టి తీసినాడే టికెట్లు! పుంజుకొకటి, పెట్టకొకటి. నేను మెల్లగా, “చిన్నవి గదా, సగం టికెట్టు ఇయ్యమనండి” అంటి. బస్సంతా నవ్విరి. పెనుకొండ వచ్చేదాకా మీ తాత నా పక్క చూడల్యా. అప్పట్ల మంచి కోడిపెట్ట రెండు రూపాయలు ఉండె, ఇప్పుడు నువ్వు ఎంత పెట్టి తెచ్చినావో చెప్పొద్దులే, నాకు గుండె ఆగుతాది.

ఏం చెప్తాంటి? ఆ, పెద్దిల్లు. మా అత్తోళ్ళది పెద్దిల్లు. పన్నెండు మంది... కాదు కాదు, మా పెద్దబావ పిల్లోళ్ళను లెక్కేస్తే పద్నాలుగు. పొయ్యి మాత్రం ఒకటే. ఆ పొయ్యి మా అత్తది. కోడండ్లము రాగులు ఇసరల్ల, నీళ్ళు మోయల్ల, కట్టెలు తేవల్ల. పొయ్యి ముందర కూచునేది మాత్రం ఆమె. ఉప్పెంత, కారమెంత, ఎవురికి ఎంత సంగటి ముద్ద, అంతా ఆమె చేతిలోనే. చెడ్డదని కాదు పాపా. చెడ్డదంటే నా నోట్లో పురుగులు పడతాయి. నాకు జొరమొస్తే నా పక్కనుంచి లేసేది కాదు, అట్ల చూసుకునేది. కానీ ఆమె ఒక మాట అనిందంటే నీకు రెండు దినాలు అన్నం దిగదు, అట్లాంటి నోరు.

కోళ్ళంటే ఆమెకు గిట్టదు. వాకిట్లో శెనక్కాయలు ఆరబోస్తే నా నల్లపెట్ట పోయి గెలికేది. “నీ పుట్టింటోళ్ళు బంగారు పెట్టల్యా, ఈ పీడను పెట్టిరి” అనేది. కోడి గెలకకుంటే ఏం చేస్తాది, కూచోని జపం చేస్తాదా? అట్లని లోపల్లోపల అనుకునేదాన్ని. పైకి అనేదానికి నాకేం పిచ్చా.

ఊరి చివర మా మామోళ్ళ తాతల నాటి మిద్దె ఒకటి, పైన మన్ను కప్పిన ఇల్లు, పాడుబడి ఉండె. ఒక పక్క గోడ పడిపోయింటే ఆ సందులోంచి మేకలు వచ్చి పోయేవి. దూలాలకు చెదలు. రాయి కదిలిస్తే తేలు. నేను కోళ్ళను ఆడ గంప కింద కమ్ముకుంటాంటి, అత్తకు కనపడకుండా. పొద్దున్నే పోయి గంప ఎత్తి వాటిని ఇడుస్తాంటి గదా, అట్ల ఇడిసినప్పుడల్లా ఆ మొండిగోడల మద్దెన నిలబడి చూసేదాన్ని. ఈడ ఒక చాప ఏసుకోవచ్చు, ఈడ నీళ్ళ కడవ, ఈడ పొయ్యి. నాకు కావల్సింది అదే పాపా, ఒక పొయ్యి. ఆ పొయ్యి కాడ నేను కూచోవల్ల, నా కోళ్ళు నా వాకిట్లో ఎవురూ తిట్టకుండా తిరగల్ల. ఇంకేమీ అడగల్యా నేను.

మీ తాతకు చెప్తి. ఆయన వాళ్ళ నాయనకు చెప్పె. మా మామ మెత్తని మనిషి, “మీ అమ్మను అడుగు” అనె. మీ తాత సేద్యంలో ఎంతటోడైనా వాళ్ళమ్మ ముందర నోరు పెగిలేది కాదు. నాలుగు దినాలు ఆమె చుట్టూ తిరిగె, చెప్పేదానికి. ఆఖరికి ఆమే అనె, ఏందిరా దూడ మాదిరి తిరుగుతాండావు, చెప్పి చావు అని.

చెప్పినాక ఆమె అరవల్యా. అదే నాకు భయమాయె. మా పక్క ఒక పద్ధతి ఉండేది. కోడలు వేరే పొయ్యి ఏసుకోవల్లంటే అత్త వచ్చి చోటు చూపిచ్చి, తన చేత్తో మూడు రాళ్ళు పెట్టల్ల. అట్ల పెట్టకుండా ఏసుకుంటే తెగతెంపులు చేసుకున్నట్లే లెక్క, ఇంగ ఆ గడప తొక్కేదానికి ల్యా. అందుకని ఆమె నన్ను పిల్చి, “మిద్దె బాగు చేసుకోండి. మొదటి పెద్దవానకు నేనొచ్చి ఆ ఇంట్లో కూచుంటా. చుక్క పడకుంటే రాళ్ళు పెడతా. పడిందంటే కోళ్ళు హిందూపురం సంతకు, నువ్వు ఈ పొయ్యి కాడికి. మళ్ళా వేరే మాట ఎత్తకూడదు” అనె. నేను సరే అంటి. అప్పటికి నాకు పద్దెనిమిదేండ్లు. ఆ వయసులో దేనికైనా సరే అంటారు.

ఇంగ చూడు పని. శెనక్కాయలు పీకేది అయిపోయినప్పట్నుంచి ఎండాకాలం దాకా, పెద్దింటి పని ముగిచ్చుకోని, మిగిలిన పొద్దంతా ఆడే. ఎర్రమన్ను తడిపి తొక్కేది నేను, రాయి పేర్చేది మీ తాత. ఆయన పేర్చిన గోడ ఇప్పటికీ రోంత వంకరగానే ఉండాది, పోయి చూడు. అడిగితే, గోడ సరిగ్గానే ఉండాది, నువ్వు తల వంచి చూస్తాండావు అనేవాడు. చెదలు పట్టిన దూలాలు రెండు తీసేసి మా కయ్యలో, చేని గట్టు మింద ఉండే వేపచెట్టు కొట్టి ఏస్తిమి. దాని మింద కట్టెలు, కట్టెల మింద చెదలు రాకుండా వాయిలాకు, ఆకు మింద ఎర్రమన్ను. అన్నిటికీ పైన చవుడు.

చవుడంటే నీకు తెలీదు గదా. అది ఉప్పుమన్ను. వాన పడితే మెత్తగా అతుక్కోని నీళ్ళను లోపలికి దిగనీదు, అట్లే జార్చేస్తాది. దాంట్లో గడ్డిపోచ గూడా మొలవదు. మిద్దెలకు అదే ఏసేది, ఏటేటా వానలకు ముందర ఇంగ రోంత ఏసేది. మా ఊరికి చవుడు గుంత మూడు మైళ్ళు, వంక అవతల. ఎండాకాలం ఊరోళ్ళందరి బండ్లూ ఆడికే. పెద్దింటి బండి మాకు దొరికితే దొరికినట్లు, లేకుంటే ల్యా. ఎట్లనో చేసి తోలిన చవుడు ఒక మూల బాగా మందంగా వచ్చె. మిగతా అంతా ఇంగా ఎర్రమన్నే. అప్పటికే పెనుకొండ కొండ మింద మబ్బు కమ్ముతాంది. బండి చూస్తే బావ కదిరికి తోలుకోని పోయిండాడు, ఎప్పుడొస్తాడో తెలీదు.

ఇప్పుడు నిజం చెప్తా విను. ఊరంతా మీ తాత చేసిన తెలివితక్కువ పని అనుకుంటారు, మీ అమ్మ గూడా అదే చెప్పింటాది. మన్ను తెచ్చింది ఆయనే. తెమ్మనింది నేను.

మిద్దె పక్కనే మా రాగుల కళ్ళం. రాగులు నూర్చినాక ఆడ మన్ను తెల్లగా, మెత్తగా, అచ్చం చవుడు మాదిరే ఉండె. చవుడా కాదా అని మావోళ్ళు నాలిక మింద రోంత ఏసుకోని చూస్తారు. నేనూ ఏసుకుంటి. ఉప్పగానే ఉండె. చవుడే, పక్కన పెట్టుకోని మూడు మైళ్ళు పోయినాము గదా అని నేనే మీ తాతను ఎగతాళి చేస్తి. ఎద్దులను తిప్పి తిప్పి రాగులు తొక్కిచ్చిన కళ్ళం అది. పొద్దంతా తిరిగే ఎద్దులు ఒంటికి పోకుండా ఉంటాయా? ఆ ఉప్పు యా ఉప్పో నాకు తర్వాత తెలిసె. నవ్వు, నవ్వు. నేను నోరు పదిసార్లు కడుక్కుంటి.

ఉప్పు సంగతి అట్లుండనీ, కళ్ళంలో రాలిన రాగులు ఆ మన్నునిండా ఉండాయి గదా. అది తోచల్యా ఇద్దరికీ. గంపలకెత్తి, చవుడు ఏసిన మూల తప్ప మిద్దెంతా పరిస్తిమి. రెండు దినాలకు సన్న తుంపర పడె. ఇంగో నాలుగు దినాలకు మిద్దె పచ్చగా అయిపోయె.

పక్కింట్లో గొర్రెలు మేపే మల్లన్న ఉండె. ఆయన పొద్దున్నే వచ్చి తలెత్తి చూసి, “ఏమప్పా, మడి బాగా పెట్టినావు, నీళ్ళు యా బావి నుంచి తోల్తావు?” అని మీ తాతను అడిగె. కోతకు నన్ను పిలువు, నిచ్చెన నేనే తెచ్చుకుంటా అని గూడా అనె. సాయంత్రానికి ఊర్లో సగం మంది వచ్చి చూసిపోయిరి. మా అత్త మాత్రం రాల్యా. పెద్దవానకే వస్తానని చెప్పింది గదా, మాట తప్పదు.

మీ తాత చేత్తో పీకుతానన్యాడు. పీకితే మన్ను లేస్తాదని వద్దంటి. అప్పుడు నాకు తోచిందే, నా బుద్ధికి... కోళ్ళున్నాయి గదా మనకు. ఎక్కిస్తే లేత మొలకలు అవే తినేస్తాయి, మనకు పని తప్పుతాది, వాటికి కడుపు నిండుతాది. అప్పటికి పుంజు, ఐదు పెట్టలు, నల్లపెట్ట పిల్లలు. అన్నిటినీ గంపలో నెత్తిన పెట్టుకోని నిచ్చెనెక్కి నేనే ఇడిస్తి. మీ తాత విత్తనాల పనిలో ఉండి పైకెక్కి చూడల్యా. రెండు దినాల్లో ఒక్క పోచ మిగల్యా. కిందనుంచి చూస్తే మిద్దె నున్నగా కనపడె. ఇంత పని చేసినాయని వాటికి దోసెడు రాగులు ఎక్కువ ఏస్తి. మల్లన్న చూసి, “అక్కా, నీ కోళ్ళు మిద్దెను బాగా దున్నినాయి” అనె. మెచ్చుకుంటాండాడని అనుకున్యా. దున్నినాయంటే నిజంగానే దున్నినాయని, గోళ్ళతో గీరి గీరి వాయిలాకు దాకా పోయినాయని నాకు తోచనే ల్యా. కోడి గెలుకుతాదని మా అత్త మూడేండ్లుగా అరుస్తాంటే ఇన్నదాన్ని నేను. అయినా తోచల్యా చూడు.

మృగశిర కార్తెలో ఒక మధ్యాన్నం పట్టుకునె వాన. కొండ కనపడల్యా. నేను పోయి మిద్దెలో నిలబడుకుంటి. కొంచేపటికి మా అత్త గోనెపట్ట నెత్తిన కప్పుకోని, చీర మోకాళ్ళ దాకా ఎత్తుకోని వచ్చె. ఇంటి నడిమధ్యలో చాప పరుచుకోని కూచునె. వక్కాకు తీసె. ఆమె ఆకుకు సున్నం రాసి మడిచి నోట్లో పెట్టుకునేంత సేపు ఒక్క చుక్క పడల్యా. ఆ రోంతసేపు నేను ఎంత మురిసిపోతినో, దేవునికే తెల్సు.

మొదటి చుక్క ఆమె కాలి పక్కన పడె. నేను చెంబు పెడ్తి. ఇంగొకటి గోడ పక్కన. తపేలా పెడ్తి. ఆమె చాప రోంత జరుపుకునె. ఇంగొకటి. ఇంట్లో ఉండే పాత్రలే నాలుగు, అవి అయిపోయె. కోళ్ళకు నీళ్ళు పెట్టే చిప్ప గూడా పెడ్తి. ఆమె చాప జరుపుకుంటా పోతాంది. తిడితే నాకు సులువుగా ఉండును. ఒకసారి జరుపుకోని కూచునిందో ల్యాదో, పైనుంచి ఒక బురదముద్ద వచ్చి సరిగ్గా ఆమె ఒళ్ళో పడె. దాంట్లో ఏర్లతో సహా ఒక రాగి మొలక. కోళ్ళు తినకుండా ఇడిసింది అదొక్కటే, అది పోయి ఆమె ఒళ్ళోనే పడల్నా?

ఆమె దాన్ని రెండు ఏళ్ళతో పట్టుకోని చూసె. అప్పుడే మీ తాత కయ్యలోనుంచి తడిసి ముద్దై పరిగెత్తుకోని వచ్చి గడపలో నిలబడె. “ఈ మన్ను ఎవురి తెలివి?” అని అడిగె ఆమె. వాళ్ళమ్మ ముందర మాట రానోడు, నేను నోరు తెరిచేలోపల, “నాదే మ్మా” అనె. నేనని నేను చెప్పల్యా. భయం. చెప్పింటే ఏమైపోయును? అరవై ఏండ్లాయె, ఆయనా పోయె. ఈపొద్దుకూ అది నా తప్పే అనిపిస్తాది పాపా. అందుకే ఆ ఫోనులో పడనీలే అని చెప్తాండా.

ఆమె నా పక్క చూసె. ఆమెకు తెలిసిపోయిందనే నాకు అనుమానం. ఇంగ లేసి ‘పదండి ఇంటికి’ అంటాదని నేను తల వంచుకోని నిలబడ్తి. అప్పుడు వాకిట్లోనుంచి కోళ్ళు వచ్చె, తడిసిపోయి, ఒకదాని ఎంబడి ఒకటి. అవి మా ముగ్గుర్నీ లెక్కచేయకుండా తిన్నగా ఈశాన్యం మూలకు పోయి, రెక్కలు దులుపుకోని వరసగా కూచునె.

మా అత్త వాటినే చూసె శానాసేపు. లేసె. ఆ మూలకు పోయి, నల్లపెట్టను కాలితో మెల్లగా “జరగవే” అని జరిపి, వాటి మద్దెన కూచునె. కోళ్ళంటే గిట్టని మనిషి! నేలను అరచేత్తో తడిమి చూసె. పొడిగా ఉండాది. మేము చవుడు మందంగా ఏసిన మూల అదే. ఆడ కోళ్ళకు మొలకలూ ల్యావు, గెలకనూ ల్యా.

“ఈడ కారల్యా. పొయ్యి ఈడ పెట్టుకో” అనె.

నాకు సరిగా ఇనపడిందా ల్యాదా అనిపిచ్చె. “అత్తా, అది ఈశాన్యం గదా, ఈడ పొయ్యి పెట్టకూడదంటారే” అంటి. చూడు నా నోరు. ఆమె కసురుకునె, “నీళ్ళు పడే కాడ పొయ్యి మండుతాదేమే?” అని. మళ్ళా తనలో తాను చెప్పుకున్నట్లు, నా పక్క చూడకుండా, “మా అత్త పోయేదాకా నాకు పొయ్యి చేతికి రాల్యా. వచ్చేటప్పటికి నా తల నెరిసిపోయె” అనె.

నేను ఆడనే గోడకు ఆనుకోని ఏడిస్తి. పద్నాలుగు మందికి వండే మనిషి, ఆ పొయ్యి ఆమెది, ఆమెకేం తక్కువ అనుకుంటాంటి నేను. మూడేండ్లు ఒకే ఇంట్లో ఉండి ఒక్కసారి గూడా అడగల్యా నేను, అత్తా నీకెట్ల గడిచెనని. మీ తాతను ఆ వానలోనే పంపి, గోడ కట్టంగా మిగిలిన రాళ్ళలోనుంచి మూడు రాళ్ళు తెప్పిచ్చె. ఒకటి తెస్తే నచ్చల్యా, వాపసు పంపె. ఇంగొకటి తెస్తే అదీ నచ్చల్యా. పాపం, ఐదారుసార్లు తిరిగినాడు తడుస్తా. ఆ మన్ను తెచ్చినందుకు అదే ఆయనకు శిక్ష. మూడు రాళ్ళూ ఆమే పెట్టె, చేత్తో అటు ఇటు కదిపి చూసి.

మరుసటి వారం పెద్దింటి బండి వచ్చె. ఆమె కింద నిలబడి చెయ్యి చూపిస్తాంటే మేము అసలైన చవుడు ఏస్తిమి. నాలిక మింద ఏసి చూసేది గూడా ఆమే. ఆ తర్వాత మిద్దె ఎన్నడూ కారల్యా. అయినా వాన వస్తే చాలు, మా అత్త గోనెపట్ట కప్పుకోని వచ్చేసేది. ‘ఎట్ల కారతాందో చూస్తామని’ అనేది. ఒక్కసారి గూడా తలెత్తి పైకి చూసిన పాపాన పోల్యా. తిన్నగా వచ్చి ఆ పొయ్యి పక్కన కూచునేది, నేను వండుతాంటే చూసేది, కోళ్ళను తిడతా తిడతానే రాగులు చల్లేది. పోయే ముందర రెండేండ్లు వాన లేకున్నా వచ్చేది.

ఆ... అంతే. ఇంగేముంది. నీ ఇల్లు బాగు చేసుకో తల్లీ, నిదానంగా చేసుకో. నీ పొయ్యి దినామూ మండల్ల, నీ కోళ్ళు పిల్లల్ని లేపల్ల, ఆ గ్లౌజులు తొందరగా చినిగిపోవల్ల. మొదటిసారి వండే దినం మీ అమ్మను పిలువు. రానంటాది. వాన వచ్చేటట్లుంది, ఇల్లు కారతాందేమో చూసిపో అని చెప్పు. వస్తాది.